కాయిల్ వాళ్ళది, ఖర్చు మాది: 19 రోజుల హోమ్ వారంటీ అనుభవం

మా అత్తమ్మ కిటికీ కింద బకెట్ పెట్టిన రోజే నాకు వెలగాల్సింది.

మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2025 వేసవికి అత్తమ్మ, మామయ్య హన్మకొండ నుంచి వచ్చారు. మా ఇంటి వెనకవైపు, పై అంతస్తు కిటికీకి సరిగ్గా నెత్తిన, చూరు కింది నుంచి తెల్లటి ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ ఇంట్లోకి వచ్చి నాలుగేళ్ళు కావస్తున్నా అదెందుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. జూలై మొదట్లో అందులోంచి చుక్కచుక్కగా నీళ్ళు పడటం అత్తమ్మ చూసింది. కింద బకెట్ పెట్టి, నిండగానే కరివేపాకు కుండీలో పోయడం మొదలుపెట్టింది.

"సల్లటి నీళ్ళు బిడ్డా, ఉత్తగ పోతున్నయి. చెట్టుకన్న పోస్తే మంచిగుంటది" అంది. నాకూ ముచ్చటేసింది. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టాను.

జూలై 5, శనివారం సాయంత్రం. లాంగ్ వీకెండ్ కదా, అందరం ఇంట్లోనే ఉన్నాం. పైన పిల్లలు ఉక్కగా ఉందని గొడవ. థర్మోస్టాట్ 75 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పెట్టి ఉంటే 84 చూపిస్తోంది. రాత్రికి 88 అయింది. మామయ్య ఫోన్‌లో లెక్కేసుకుని "31 డిగ్రీలేనా? గిది మన దగ్గర దీపావళి నాటి ఎండ" అని నవ్వారు. కానీ ఇక్కడి చెక్క ఇళ్ళలో పై అంతస్తు ఏసీ లేకపోతే మూతపెట్టిన గిన్నే. కిటికీ తీసినా గాలి ఆడదు, బయటి వేడి మాత్రం లోపలికొస్తుంది.

మా ఆయన టార్చి పట్టుకుని బయట యూనిట్ దగ్గరికెళ్ళి నన్ను పిలిచాడు. ఆ యూనిట్, అంటే కండెన్సర్‌లోంచి గోడలోకి రెండు రాగి పైపులు పోతాయి, ఒకటి సన్నది, ఒకటి నల్ల తొడుగు వేసిన లావుది. పగలంతా 95 దాటిన ఎండలో కాగిన గోడ ఇంకా చేతికి వేడిగా తగులుతోంది. ఆ లావు పైపు చివర మాత్రం వేలెడు మందాన తెల్లగా మంచు గడ్డకట్టి ఉంది. జూలైలో, టెక్సాస్‌లో. పిల్లలు గోటితో గీకి ఆడుకున్నారు.

తర్వాత తెలిసిందేమిటంటే, గ్యాస్ లీకై తగ్గిపోతే లోపలి కాయిల్, అంటే గాలిని చల్లబరిచే రాగి గొట్టాల వరస, మరీ చల్లబడి దాని మీద మంచు పేరుకుంటుంది. గాలి ఆడదు, గది చల్లబడదు. ఆ మంచు కరిగినప్పుడు నీళ్ళు మామూలు డ్రెయిన్‌లోకి కాకుండా కింద ఉన్న రెండో పళ్ళెంలోకి పొంగుతాయి. ఆ పళ్ళెం నుంచి వచ్చేదే కిటికీ మీది పైపు. ఇంట్లోవాళ్ళ కంట పడాలనే దాన్ని కావాలని కిటికీ నెత్తిన పెడతారట. మా ఇంట్లో కంటబడింది. చెట్టుకు పోశాం.

ఇక హోమ్ వారంటీ సంగతి. 2021 నవంబరులో ఇల్లు కొన్నప్పుడు మొదటి ఏడాది డబ్బు అమ్మినవాళ్ళే కట్టారు. ఇక్కడ అది మామూలే. టెక్సాస్ ఇళ్ళ అమ్మకపు ఒప్పందంలో దానికోసం ఒక ఖాళీ కూడా ఉంటుంది, ఎంతవరకు ఇస్తారో అందులో రాస్తారు. తర్వాత నుంచి నెలకు 60 డాలర్లు మేమే కడుతూ వచ్చాం. ఏదైనా పాడైతే ఫోన్ చేయాలి, వాళ్ళు మనిషిని పంపుతారు, వచ్చినప్పుడల్లా 100 డాలర్లు సర్వీస్ ఫీజు. చాలామంది దీన్నీ ఇంటి ఇన్సూరెన్సునీ ఒకటే అనుకుంటారు. వడగళ్ళు పడి కండెన్సర్ రేకులు నలిగిపోతే అది ఇన్సూరెన్సు వాళ్ళ పని. వాడి వాడి అరిగి చెడిపోతే హోమ్ వారంటీ వాళ్ళ పని. అసలు టెక్సాస్‌లో చట్టం దీన్ని వారంటీ అనదు, రెసిడెన్షియల్ సర్వీస్ కాంట్రాక్ట్ అంటుంది. ఆ పేరులోనే అంతా ఉందని నాకు 19 రోజుల తర్వాత అర్థమైంది.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు దానిమీద మంచి అభిప్రాయమే ఉండేది. 2023 వేసవిలో బయట యూనిట్ గుర్‌మని మూలిగి ఆగిపోతే క్లెయిమ్ వేశాం. మర్నాడే ఒకాయన వచ్చి, పైభాగం బొడిపెలా ఉబ్బిన కెపాసిటర్ చూపించి, పావుగంటలో కొత్తది వేసి వెళ్ళాడు. కెపాసిటర్ 20, 30 డాలర్ల సామాను. కానీ బయటివాళ్ళను పిలిస్తే రాకపోకలతో కలిపి 200 దాకా అడుగుతారు. 100తో పోయింది కదా అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాను. కనీసం ఇద్దరు నా మాట విని తీసుకున్నారు కూడా. వాళ్ళకు ఈ కథ విడిగా చెప్పుకున్నాను.

శనివారం రాత్రే ఆన్‌లైన్‌లో క్లెయిమ్ వేశాను. మా ఇంట్లో పైకొకటి, కిందికొకటి రెండు ఏసీలు. కింది ఏసీ పనిచేస్తోంది కాబట్టి మాది ఎమర్జెన్సీ కాదన్నారు. 72 ఏళ్ళ మామయ్యకు బీపీ ఉందని చెప్పినా "అర్థమవుతోంది మేడం" అన్నారే గానీ తేదీ మారలేదు. సోమవారం ఎవరిని పంపుతారో చెప్పారు, బుధవారం వస్తామని ఆ కాంట్రాక్టర్ చెప్పాడు. ఆరుగురం కింద హాల్లో పరుపులు పరుచుకున్నాం. మామయ్యకు అది పెళ్ళింట్లో విడిదిలా ఉంది. నా ఆఫీసు డైనింగ్ టేబుల్ మీదికొచ్చింది. నా మీటింగుల వెనకాల అత్తమ్మ తాలింపు శబ్దం మా టీమ్ అందరికీ అలవాటైపోయింది.

బుధవారం కుర్రాడొచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. కాయిల్ ఉండేది యాటిక్‌లో, అంటే ఇంటి కప్పు కింద ఉండే అటకలో. మధ్యాహ్నం మూడింటికి అది ఎక్కాలంటే ఎవరికైనా కష్టమే. హాలు పైకప్పులోంచి మడత నిచ్చెన లాగి ఎక్కాడు. నేను గడియారం చూశాను, 11 నిమిషాల్లో దిగిపోయాడు. చొక్కా పిండితే చెమట కారేలా ఉంది. "కాయిల్ లీక్. గ్యాస్ దాదాపు లేదు. కంపెనీకి చెప్తాను" అన్నాడు. తన వ్యానులో కూర్చుని ఫోన్ చేశాడు. నేను వంద డాలర్ల రశీదు కోసం పక్కనే నిలబడి ఉన్నాను. అటువైపు వాళ్ళు అడుగుతున్నారు, ఇతను ముక్తసరిగా జవాబిస్తున్నాడు. ఆ జవాబుల్లో "డర్టీ" అన్న మాట నా చెవిన పడింది. ఎవరింట్లో కాయిల్‌కి దుమ్ముండదు అనుకుని వదిలేశాను.

ఇదే నేను చేసిన తప్పు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 14 ఏళ్ళుగా ఉన్నాను. బగ్ రిపోర్టులో ఒక్క మాట తప్పు పడితే ఆ బగ్ ఎవరి నెత్తిన పడుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళుండరు. అయినా ఆ రోజు అతను ఏం రాస్తున్నాడో చూపించమని అడగలేదు. కంపెనీ వాళ్ళెవరూ మన ఇంటికి రారు. వాళ్ళకు మన ఏసీ అంటే ఆ కుర్రాడు ఫోన్‌లో చెప్పిన నాలుగు మాటలే.

శుక్రవారం ఈమెయిల్ వచ్చింది. తగిన మెయింటెనెన్స్ లేకపోవడం వల్ల కాయిల్ పాడైందట, అది కాంట్రాక్టులో కవర్ కాదట, క్లెయిమ్ తిరస్కరిస్తున్నారట.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మా కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గంటలో 140 మెసేజ్‌లు. సగంమంది "ముందే చెప్పాం కదా, అంతా దండగ" అన్నారు. నలుగురైదుగురు మాత్రం తమకు మొత్తం యూనిటే మార్చి ఇచ్చారని రాశారు. ఒకరు ఎందుకో పెరుగు తోడు ఎవరిదగ్గరుందని అడిగారు. మా వీధి చివర ఉండే అన్న ఒకాయన విడిగా ఫోన్ చేసి, "అమ్మా, గ్రూపు వదిలేయండి. కాంట్రాక్టు పీడీఎఫ్ తీసి మెయింటెనెన్స్ అన్న మాట ఎక్కడెక్కడుందో వెతకండి. తర్వాత నాకు తెలిసిన ఏసీ ఆయన్ని పంపుతా" అన్నారు.

ఆ రాత్రి 27 పేజీల పీడీఎఫ్ చదివాను. మూడున్నరేళ్ళలో అదే మొదటిసారి. వెబ్‌సైట్ మొదటి పేజీలో "సెంట్రల్ ఏసీ: కవర్ అవుతుంది" అని పచ్చటి టిక్ ఉంటుంది. పీడీఎఫ్‌లో ఆ టిక్ మూడు పేజీలు. కాయిల్, కంప్రెసర్, మోటార్లు కవర్ అవుతాయి. గ్యాస్‌కి పౌండుకు 10 డాలర్లే ఇస్తారు. పాత గ్యాస్ బయటికి తీయడం, కాయిల్‌ని గాలి గొట్టాలకు కలిపే రేకు డబ్బాల్లో మార్పులు, పర్మిట్, ఇప్పటి బిల్డింగ్ కోడ్‌కి తగ్గట్టు చేయాల్సినవి, పాత సామాను తీసుకెళ్ళడం, రెండో పళ్ళెం ఇవేవీ కవర్ కావు. ఏడాదికి ఒక్కో సిస్టంకి 3,000 డాలర్ల పరిమితి. మెయింటెనెన్స్ గురించి ఉన్నది మాత్రం ఒకే వాక్యం: తయారీదారు చెప్పినట్టు చూసుకోవాలి, అడిగితే రుజువు చూపించాలి. కవర్ అవ్వాలంటే చెడిపోవడానికి కారణం "వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల" అయ్యుండాలి. ఆ మాటను ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ఇంకో దారి కూడా చూశాను. ఏసీ కంపెనీల సొంత పార్ట్స్ వారంటీ వేరే ఉంటుంది. బిగించిన కొద్ది రోజుల్లో పేరు నమోదు చేసుకుంటే సాధారణంగా 10 ఏళ్ళు, లేకపోతే 5. మా పై యూనిట్ 2016ది. సీరియల్ నంబరు కొట్టి చూస్తే పాత యజమాని నమోదు చేయించలేదు. 2021లోనే అయిపోయింది, మేం ఇల్లు కొన్న ఏడాదే. ఇల్లు కొనేటప్పుడు ఆ స్టిక్కర్ ఫోటో తీసుకుని ఐదు నిమిషాలు వెతికుంటే తెలిసేది. ఆ రోజు మేం వంటింటి గ్రానైట్ చూస్తున్నాం.

శనివారం పొద్దున్నే ఏడింటికి అన్న చెప్పినాయన వచ్చాడు. మెక్సికో మూలాలున్న పెద్దాయన, ఈ పనిలో 30 ఏళ్ళట. వ్యాను పక్కన టీఏసీఎల్ అక్షరాలతో మొదలయ్యే లైసెన్స్ నంబరు పెద్దగా రాసి ఉంది. టెక్సాస్‌లో ఏసీ కాంట్రాక్టర్లకు అది ఉండాలి. పరీక్షకు 120 డాలర్లు ముందే చెప్పాడు. "నువ్వూ పైకి రా, చూడాల్సినది నువ్వే" అన్నాడు.

యాటిక్‌లోకి ఎక్కడం నాకదే మొదటిసారి. కింద ఇల్లంతా ఒక ఎత్తు, పైన ఇదంతా ఒక ఎత్తు. గులాబీరంగు దూది లాంటి ఇన్సులేషన్ మోకాలెత్తున పరుచుకుని, మధ్యలో వెండిరంగు గొట్టాలు కొండచిలువల్లా పడున్నాయి. పొద్దున ఏడింటికే ఊపిరాడటం లేదు. ఆయన కాయిల్ పెట్టె మూత నాలుగు మరలు విప్పి పక్కన పెట్టాడు. లోపల గుడారం ఆకారంలో నిలబెట్టిన రెండు పలకలు, సన్నటి అల్యూమినియం రేకులు, వాటి చివర్ల మలుపు తిరిగిన రాగి గొట్టాలు. దుమ్ము ఉంది, లేదనను, పుస్తకాల అర మీద వారానికి పేరుకునేంత. ఆయన టార్చిని పక్కకు వాలుగా పట్టాడు. ఒక్క మలుపు దగ్గర మాత్రం గోధుమరంగు జిడ్డు మరక, మన గోడ మీద దీపం నూనె కారినట్టు. "గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె తిరుగుతుంది. గ్యాస్ కారేచోట నూనె మరక మిగిలిపోతుంది" అన్నాడు. సబ్బునీళ్ళు కొట్టాడు. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగ, దాని పక్కన ఇంకోటి, చూస్తుండగానే చిన్న గుత్తి.

"ఫోటో కాదు, వీడియో తియ్" అన్నాడు. తీశాను.

ఇది మురికి వల్ల వచ్చింది కాదట. ఇంట్లో వాడే క్లీనర్లు, పెయింట్లు, జిగుర్ల నుంచి వచ్చే ఆవిర్లు, తేమ కలిసి రాగిని సన్నగా తినేస్తాయి. లోహంలో చీమల పుట్ట దారుల్లా సొరంగాలు పడతాయి కాబట్టి దానికి చీమల పుట్ట తుప్పు అన్న అర్థంతోనే పేరు పెట్టారట. కిందికొచ్చి ఇది చెబితే అత్తమ్మ కంగారుగా "మీద చీమలు పట్టినయా? పసుపు సల్లరాదు" అంది.

ఆయన్ని రెండు వాక్యాలు రాసిమ్మన్నాను. మొదట "కాయిల్ లీక్, మార్చాలి" అని రాశాడు. అది చాలదని, కారణం కూడా రాయమని అడిగాను. నా కాగితం చూపించాను. చదివి నవ్వి, "నిజమే కదా, అదే రాస్తా" అన్నాడు. లీక్ ఎక్కడుంది, కారణం తుప్పు, వాడకంలో సహజంగా వచ్చిన అరుగుదల, ఫిల్టరు శుభ్రంగా ఉంది, కాయిల్ మీద దుమ్ము గాలిని అడ్డుకునేంత లేదు, ఇంత రాసి లైసెన్స్ నంబరు వేసి సంతకం పెట్టాడు. కొత్త కాయిల్, గ్యాస్, పళ్ళెం, నీళ్ళు నిండితే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్, పర్మిట్, ఏడాది పాటు కూలికి గ్యారంటీ, మొత్తం కలిపి 2,350 డాలర్లని తన కొటేషన్ కూడా ఇచ్చాడు. మామయ్య 86తో గుణించి "రెండు లక్షలా! మన దగ్గర గదికొకటి చొప్పున ఐదు స్ప్లిట్ ఏసీలొస్తయి" అని డైరీలో రాసుకున్నారు. ఆయన డైరీలో అమెరికా అంతా రూపాయల్లోనే ఉంటుంది.

మొత్తం యూనిట్ మార్చేస్తే ఎలా ఉంటుందని కూడా అడిగాను. మా యూనిట్‌లో ఉన్నది ఆర్-410ఏ గ్యాస్. అమెరికాలో 2025 జనవరి 1 నుంచి ఆ గ్యాస్‌తో ఇళ్ళకు కొత్త ఏసీలు తయారుచేయకూడదు. ఇప్పుడొచ్చేవి ఆర్-454బీ, ఆర్-32. కొత్త గ్యాస్ పాత యూనిట్‌లో పోయడం కుదరదు, కాయిల్ ఒక్కటీ కొత్త గ్యాస్‌ది, బయట యూనిట్ పాతది అన్నా కుదరదు. పాతవాటి రిపేర్లకు ఆర్-410ఏ కాయిల్స్, గ్యాస్ ఇంకా దొరుకుతున్నాయి. "బయట యూనిట్ బాగుంది. కాయిల్ వేయించుకో, నాలుగైదేళ్ళు నడుపుకో" అన్నాడు. కొత్త సిస్టం అమ్ముకునే అవకాశం ఉండీ ఆ మాటన్నాడంటే నాకు నమ్మకం కుదిరింది. గ్యాస్ మనమే కొని పోసుకోవడానికి లేదు. దాన్ని ముట్టుకోవాలంటే ఈపీఏ (ఇక్కడి పర్యావరణ రక్షణ సంస్థ) సర్టిఫికెట్ ఉండాలి.

సోమవారం అప్పీల్ పంపాను. కోపంగా ఒక్క మాట రాయలేదు. రాసిన మొదటి డ్రాఫ్టులో ఉన్నాయి, మా ఆయన తీసేయించాడు. వీడియో, ఫోటోలు, పెద్దాయన ఉత్తరం, గత రెండేళ్ళ వసంతంలో చేయించిన ఏసీ చెకప్ బిల్లులు, ఫిల్టర్లు కొన్న ఆర్డర్ల చిట్టా జతచేశాను. ఆ చెకప్ బిల్లులు ఒక్కోటి 89 డాలర్లవి, ఈమెయిల్‌లో పడున్నాయి కాబట్టి సరిపోయింది. మీ టెక్నీషియన్ ఏ ఆధారంతో మురికి వల్ల అన్నాడో ఫోటోలు పంపమని అడిగాను. చివర్లో ఒకే వాక్యం: ఈ నిర్ణయం మారకపోతే టీడీఎల్ఆర్‌లో ఫిర్యాదు చేస్తాను. ఆస్టిన్‌లోని ఈ రాష్ట్ర లైసెన్సుల శాఖే 2021 సెప్టెంబరు నుంచి టెక్సాస్‌లో హోమ్ వారంటీ కంపెనీల మీద అజమాయిషీ చేస్తోంది. అంతకుముందు రియల్ ఎస్టేట్ కమిషన్ చూసేది. ఆ శాఖ చిరునామా మా కాంట్రాక్టు చివరి పేజీలోనే ఉంది, చదివితే కదా.

వాళ్ళ ఫోటోలు రాలేదు. గురువారం ఫోన్ వచ్చింది. "శుభవార్త మేడం, మీ కాయిల్ అప్రూవ్ అయింది."

ఇంట్లో పండగ. అత్తమ్మ సేమ్యా చేసింది. గంట తర్వాత మొదట వచ్చిన కాంట్రాక్టర్ ఆఫీసు నుంచి మెసేజ్: కవర్ కాని ఖర్చుల కింద మీరు కట్టాల్సినది 1,805 డాలర్లు.

పంక్తి పంక్తిగా రాసిమ్మంటే రాసిచ్చారు. గ్యాస్ 9 పౌండ్లు, పౌండు 95, అందులో కంపెనీ ఇచ్చే 90 డాలర్లు పోను 765. పాత గ్యాస్ తీయడం 150. కొత్త కాయిల్ కొలత వేరు కాబట్టి రేకు డబ్బా మార్పు 425. పళ్ళెం, ఫ్లోట్ స్విచ్ 240. పర్మిట్ 150. పాత కాయిల్ తీసుకెళ్ళడం 75. గ్యాస్ దాదాపు లేదన్న మనిషే అది బయటికి తీయడానికి 150 వేశాడు. మామయ్యకు చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "చారాణా కోడికి బారాణా మసాలా" అన్నారు.

ఆ కుర్రాడికే ఫోన్ చేసి మామూలుగా అడిగాను, ఇంత ఎలా అయిందని. అతను దాచలేదు. కంపెనీ తమకు ఒక్కో పనికి ఇచ్చేది చాలా తక్కువని, ఆ లెక్కతో యాటిక్‌లో రోజంతా పనిచేస్తే గిట్టదని, మిగతాది ఇక్కడే రాబట్టుకోవాలని చెప్పాడు. అతని మీద కోపం అక్కడితో సగం తగ్గింది. పదకొండు నిమిషాల్లో ఎందుకు దిగాడో కూడా తెలిసింది.

కాంట్రాక్టులో ఇంకో వాక్యం ఉంది. కంపెనీ రిపేరుకు బదులు నగదు ఇవ్వొచ్చు, తమకు అయ్యే ఖర్చు మేరకు. శుక్రవారం అది అడిగాను. 480 ఇస్తామన్నారు. ఎలా లెక్కేశారో రాసి పంపమన్నాను. అది కాయిల్ హోల్‌సేల్ ధర మాత్రమేనని తేలింది. బిగించే కూలి మీరెలాగూ మీ కాంట్రాక్టర్‌కి ఇచ్చేవారు కదా, అది కలపలేదేం అని అడిగాను. ముగ్గురు మనుషులు మారారు, ప్రతిసారీ అదే సంగీతం. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి అత్తమ్మతో పాటు బెండకాయలు తరిగాను. సోమవారం 690 అన్నారు. ముందు మేం చేయించుకుని, డబ్బు కట్టిన బిల్లు పంపితే చెక్కు పంపుతారు. బిల్లు పంపేదాకా ఆ సిస్టంకి కవరేజీ ఉండదు.

లెక్క చూడండి. వాళ్ళ మనిషితో "కవర్ అయిన" రిపేరు చేయించుకుంటే మా చేతి నుంచి 1,805, పనికి 30 రోజుల గ్యారంటీ. నగదు తీసుకుని పెద్దాయనతో చేయించుకుంటే 2,350లో 690 పోను 1,660, ఏడాది గ్యారంటీ. క్లెయిమ్ అప్రూవ్ అయ్యాక కూడా వాళ్ళను పక్కన పెట్టడమే చవక. ఈ ముక్క మా ఆయన నమ్మక మళ్ళీ ఎక్సెల్‌లో వేసి చూశాడు.

24న, గురువారం, పొద్దున ఆరున్నరకే పెద్దాయన, ఆయన మేనల్లుడు వచ్చారు. పైన రాగి అతికే టార్చి వెలుగు నిచ్చెన రంధ్రంలోంచి నీలంగా కనబడుతుంటే పిల్లలు కింద చాపేసుకుని చూశారు. అతుకు పెట్టాక వెంటనే గ్యాస్ పోయలేదు. ముందు నైట్రోజన్ నింపి అరగంట ప్రెషర్ ముల్లు కదులుతుందేమో చూశారు. తర్వాత పంపు పెట్టి గొట్టాల్లోని గాలి, తేమ లాగేశారు. లోపలి ఒత్తిడి చూపే మీటరు 500 మైక్రాన్ల కిందికి వచ్చి నిలబడేదాకా ఆగారు. ఆఖరికి గ్యాస్ సిలిండర్‌ని కాటా మీద పెట్టి తూకం ప్రకారం ఎక్కించారు. మొత్తం ఐదు గంటలు. కిందికి దిగేసరికి అత్తమ్మ పెద్ద చెంబుతో మజ్జిగ పట్టుకుని నిలబడింది, అల్లం, కరివేపాకు నలిపి వేసి. పెద్దాయన ఒక్క గుక్కలో సగం తాగి, ఆ ఆకు ఏమిటని అడిగాడు. అత్తమ్మ వెనకతలుపు తీసి చెట్టు చూపించింది. ఆ నాలుగు రోజుల నీళ్ళకో ఎండకో గానీ అది నిజంగానే కొత్త చిగుళ్ళు వేసింది.

గదిలోకి వచ్చే గాలి 56, తిరిగి వెళ్ళే గాలి 75. తేడా 19, బాగుందన్నాడు. ఆ రాత్రి పిల్లలు పైకెళ్ళారు. మామయ్య మాత్రం కింద హాల్లోనే పడుకుంటానన్నారు, అలవాటైందట.

చెక్కు ఆగస్టు 13న వచ్చింది, 690 డాలర్లు. 33 నెలలు కట్టినది 1,980, ఈ క్లెయిమ్‌కు ఫీజు 100, పెద్దాయన పరీక్షకు 120, ఇవన్నీ మామయ్య డైరీలో ఒక పేజీలో ఉన్నాయి. కింద గీత గీసి మొత్తం వేయకుండా వదిలేశారు. నన్ను నొప్పించడం ఎందుకనేమో.

నవంబరులో రెన్యువల్ ఉత్తరం వచ్చింది, నెలకు 68 చేశారు. పాత ఏసీలు, పాత వాటర్ హీటరు ఉన్నవాళ్ళకు, ఒక్కసారిగా పదివేలు తీయలేనివాళ్ళకు ఇది పనికొస్తుందేమో. గ్రూపులో యూనిటే మార్పించుకున్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు. మా లెక్కకు మాత్రం కుదరలేదు. రద్దు చేయమని ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఒక నెల ఉచితం అంది, తర్వాత రెండు నెలలంది. ఏసీ చెకప్ కూడా ఉచితంగా చేయిస్తాం అంది. ఆ చెకప్‌లో మీ టెక్నీషియన్ ఏం రాస్తాడో ముందు నాకు చూపిస్తారా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత క్యాన్సిలేషన్ నంబరు చెప్పింది, రాసుకున్నాను.